ఏడో రీలు

ఆ ఏడాది వానలు పట్టుకున్న నాలుగో రోజున, సగం తడిసిన చొక్కాతో, చంకలో కాగితాల కట్టతో ఒకాయన మా ఇంటికి వచ్చాడు. మా ముందుగది ఇల్లూ కాదు, దుకాణమూ కాదు. ఒక పక్క నాన్న కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టే బల్ల, ఇంకో పక్క కిటికీ కింద అమ్మ కుట్టుమిషను, మధ్యలో నడవడానికి మిగిలిన జాగాలో ఒక స్టూలు. వచ్చినాయన ఆ స్టూలు మీద కూర్చుని, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, అమ్మనే చూస్తూ ఉండిపోయాడు.

"మోటారేదండీ?" అన్నాడు నాన్న.

"మోటారు కాదండీ. మేడంగారి కోసం వచ్చాను."

అమ్మని మేడం అనేవాళ్ళు మా వీధిలో ఎవరూ లేరు. కర్టెన్లు కుట్టించుకునేవాళ్ళు అక్కా అంటారు, పిన్నీ అంటారు, తొందరలో ఉన్నవాళ్ళు ఏమీ అనరు. అమ్మ తలెత్తింది గాని మిషను ఆపలేదు.

"‘నీటిమట్టం’ దొరికిందండీ," అన్నాడాయన.

అప్పుడు ఆగింది మిషను.

పెళ్ళికి ముందు అమ్మ ఒకే ఒక్క సినిమాలో వేసిందనీ, అది తొమ్మిది రోజులు ఆడి ఎత్తేశారనీ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దాని ప్రింటు ఎక్కడా లేదనీ తెలుసు. దాని మీద వచ్చిన ఏకైక సమీక్షలో ‘చీకటి ఎక్కువ, కథ తక్కువ’ అని రాశారట. ఇంట్లో కరెంటు పోయినప్పుడల్లా నాన్న ఆ మాట వాడేవాడు.

ఆయన పత్రికల్లో సినిమాల మీద వ్యాసాలు రాస్తాడట. బాగా తీసి ఉండీ ఎవరి మెప్పూ పొందకుండా మరుగున పడిపోయిన సినిమాలంటే ఆయనకు ప్రాణం. మూతపడిన ఒక హాలు గోడౌనులో ఈ డబ్బాలు కంటపడ్డాయి. "మూడుసార్లు చూశానండీ. ముప్పై నాలుగేళ్ళ కిందట మనవాళ్ళు ఇలాంటిది తీశారంటే నమ్మబుద్ధి కాలేదు. అప్పుడు రాసినవాళ్ళు కళ్ళు మూసుకుని రాశారు. ఇప్పుడు నేను రాస్తాను. ఊరికే రాయడం కాదు, హాల్లో వేయించి నలుగురికీ చూపిస్తాను. మీరు తప్పకుండా రావాలి."

"మొత్తం దొరికిందా?" అంది అమ్మ.

"పన్నెండు రీళ్ళూ ఉన్నాయండీ. పదకొండు చూడగలిగాం. ఏడోది అన్నిటికంటే అడుగున ఉండటంతో తడి దిగి, చుట్టలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. ల్యాబులో మెల్లగా విడదీస్తున్నారు. వస్తుందో రాదో చెప్పలేమంటున్నారు."

"ఏడోదంటే..."

"వరద గది సీనండీ."

అమ్మ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. సూదిలో దారం లేదని నేను చూశాను. తను చూడలేదు.

నాన్నకి కొత్త శ్రోత దొరికాడు. చేతిలో తీగ పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఆ సీనుకి లైటు పట్టింది నేనేనండీ. పైకప్పు లేని గది వేశారు సెట్టులో. నేను పైన చెక్కల మీద కూర్చున్నాను. కింద ఈవిడా, ఒక ఆరేళ్ళ పిల్లా. కథలో అక్కాచెల్లెళ్ళు. మోటారు పెట్టి నీళ్ళు వదిలారు. నడుము దాకా రాగానే తలుపు తీస్తామన్నారు. అదేమో లోపలికి తెరుచుకునే తలుపు. నీళ్ళు నొక్కేశాక ఎక్కడ తెరుచుకుంటుంది? డైరెక్టరు గోడకి పెట్టిన అద్దం వెనక కెమెరాతో ఉన్నాడు. వీళ్ళు అరుస్తుంటే నటనే అనుకుంటున్నాడు. నీళ్ళు ఈవిడ గడ్డం దాకా వచ్చాయి. అయినా పిల్లని వదల్లేదండీ. రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. ఇంతలో నా లైటు వైరు జారి నీళ్ళలో పడబోయింది. మెయిను తీసేసి దూకాను. చీకట్లో ఇద్దర్నీ పట్టుకున్నాను. ఆ రోజే అనుకున్నాను, చేసుకుంటే ఈ మనిషినే చేసుకోవాలని."

ఈ కథ నేను మాటలు రాకముందే నేర్చుకున్నాను. బళ్ళో ‘మా అమ్మ’ అని వ్యాసం రాయమంటే ఇదే రాసి, మెప్పు పొందాను. మోటారు తెచ్చినవాళ్ళకు అది ఎందుకు కాలిందో చెప్పేముందు నాన్న ఇది చెప్పేవాడు. కథ మొదలవగానే అమ్మ ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది. సిగ్గు అనుకునేవాళ్ళం. ఆ రోజూ అలాగే వెళ్ళింది.

వచ్చినాయనకు నాన్న ఆ సాయంత్రమే కాగితాలాయన అని పేరు పెట్టాడు.

*

కాగితాలాయన రెండు మూడు రోజులకోసారి ఫోను చేసేవాడు. అమ్మ పరుగున వెళ్ళి ఎత్తేది. అటువైపు ఆయన ఏం చెప్పినా, ఇటు నుంచి ఒకటే మాట: "ఏడోది ఎలా ఉంది?"

తన సినిమా మీద ఇంత ఆశ దాచుకుందా అని నాకు జాలి వేసింది. నేను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని చేసేదాన్ని. పొద్దున్న వెళ్ళేటప్పుడు ఎలా కూర్చుని ఉందో సాయంత్రం వచ్చేసరికి అలాగే కూర్చుని ఉండేది. కర్టెన్ల పైన కడ్డీ దూర్చే చోటు రెండు వైపులా మూసి కుట్టేసింది, ఒకటి కాదు, ఆరు కర్టెన్లకు. కుట్టించుకున్నావిడ వచ్చి ఇవి ఎక్కడ వేలాడదీయమంటావు పిన్నీ అని నవ్వితే, అమ్మ తనూ నవ్వడానికి ప్రయత్నించింది.

ఒకరోజు బాత్రూములో కొళాయి చప్పుడు ఎంతకీ ఆగకపోతే వెళ్ళి చూశాను. బకెట్టు నిండి పొర్లుతోంది. అమ్మ గోడకు ఆనుకుని, నిండిన బకెట్టుని చూస్తూ నిలబడి ఉంది. పాదాలు తడుస్తున్నాయి. నేను వెళ్ళి కొళాయి కట్టేశాక కూడా అక్కడే చూస్తోంది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు. ఎంతసేపట్లో నిండుతుందో చూస్తున్నా."

నేను చీపురుతో నేల మీది నీళ్ళు ఊడ్చేశాను. ఆ మాట ఎందుకందో అప్పటికి తెలీదు.

మూడో వారంలో ఫోను వచ్చింది. రీలు రాదట, ల్యాబువాళ్ళు చేతులెత్తేశారట. కాగితాలాయన గొంతులో దిగులు పక్కనున్న నాకు కూడా వినిపించింది. "పోతే పోయిందిలెండి," అంది అమ్మ. ఫోను పెట్టేసి నేరుగా వంటింట్లోకి వెళ్ళి, నాన్నకి ఇష్టమైనవన్నీ వండింది. కంచం నిండా పెట్టుకుని తనూ తింది. కూనిరాగం తీసింది. అంత ఆశపడ్డ మనిషి ఇలా ఉందేమిటని నేను ఆమె ముఖంలోకి చూస్తే, పదేళ్ళు తగ్గినట్టుంది.

రెండు రోజులే. మూడో రోజు సాయంత్రం మళ్ళీ ఫోను. వేరే ద్రావకం వాడి చూశారట. విడిపోతోందట. మొత్తం వచ్చేస్తుందట.

అమ్మ ఫోనును దాని చోట పెట్టలేదు. పక్కన బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అందులోంచి ఆయన సంతోషం అలా వినిపిస్తూనే ఉంది.

*

"నువ్వొకసారి వెళ్ళి చూసి రా," అన్నాడు నాన్న. "బాగానే ఉందని నువ్వు చెప్తే మీ అమ్మ కుదుటపడుతుంది. మరీ బెంగ పెట్టుకుంది."

ల్యాబు ఒక మేడమెట్ల కింద, కిటికీలు లేని గది. తెల్ల గుడ్డ చేతితొడుగులు వేసుకున్న ఒక ముసలాయన, కింది నుంచి వెలుగు వచ్చే బల్ల మీద ఫిల్మును అంగుళం అంగుళం జరుపుతున్నాడు. గదంతా పుల్లటి వాసన. కాగితాలాయన నన్ను చూసి సంబరపడిపోయాడు. నేను మా షాపులో అద్దాల మీద గీతలు చూసే చిన్న భూతద్దం సంచిలోంచి తీశాను.

"ఇక్కడి నుంచి చూడండి," అన్నాడు.

మొదట మా అమ్మ ముఖం కనిపించింది. ఇరవై రెండేళ్ళ మా అమ్మ. గడ్డం దాకా నీళ్ళు. చేతుల్లో పిల్ల. నాన్న చెప్పినట్టే ఎత్తి పట్టుకుని ఉంది. నేను మురిసిపోయాను. ముసలాయన ఫిల్ము జరిపాడు. అమ్మ కళ్ళు పిల్ల మీద లేవు. పైన కిటికీ కడ్డీ మీద ఉన్నాయి. ఇంకొంచెం జరిపాడు. చేతులు వదిలాయి. ఇంకొంచెం. అమ్మ అరచెయ్యి పిల్ల నడినెత్తి మీద ఉంది. ఆసరా కోసం పెట్టినట్టు లేదు. కిందికి తొక్కుతోంది. మోకాలు పిల్ల భుజం మీదికి ఎక్కింది. రెండో చెయ్యి కడ్డీకి అందింది. నీళ్ళ మీద పిల్ల జుట్టు ఒక్కటే తేలుతోంది.

తర్వాత అంతా నలుపు.

"చూశారా," అంటున్నాడు కాగితాలాయన నా వెనక. "ఈ నటన గురించి ఇన్నేళ్ళలో ఒక్కడు ఒక్క ముక్క రాయలేదండీ. హీరోయిన్ అంటే త్యాగం చేయాలి, ఏడవాలి. ఈవిడ భయాన్ని భయంలాగే చేసి చూపించింది. దాని పైన ఆ చీకటి. చూడలేనిది వచ్చే క్షణానికి తెర ఆర్పేశాడు చూడండి, దర్శకుడి ప్రతిభంతా అక్కడుంది. పాపం, ఒక్క మెచ్చుకోలు లేకుండానే పోయాడు."

భూతద్దం నా కంటికి అలాగే అంటుకుపోయి ఉంది. తీస్తే ఆయనకు నా ముఖం కనిపిస్తుంది.

"ఆ పిల్ల కూడా దొరికిందండీ," అన్నాడు. "ఇప్పుడు పెద్దావిడ. మొక్కల నర్సరీ ఉంది. వస్తానంది. ఇద్దర్నీ ఒకే వేదిక మీద నిలబెట్టాలని నా కోరిక."

*

ఇంటికి వచ్చేసరికి అమ్మ వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది. ముందుగదిలో నాన్న ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"చూశావా," అంది నావైపు తిరక్కుండానే.

"చూశాను."

"ఎంతవరకు?"

"చీకటి దాకా."

గిన్నె తుడవడం ఆపలేదు. అది ఎప్పుడో పొడిగా అయిపోయింది. "కథలో ఆ చెల్లెలు బతుకుతుంది," అంది. "నేను ఎత్తి పట్టుకోవాలి, తలుపు తెరుచుకోవాలి, అంతే సీను. తీసింది చూసుకున్నాక డైరెక్టరు కథే మార్చేశాడు. డబ్బింగు రోజు నన్ను పక్కకి పిలిచి, ‘నువ్వు చేసింది నేనెప్పటికీ రాయలేనమ్మా’ అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు."

"నాన్నకి..."

"మెల్లగా." వాకిలి వైపు చూసి, గొంతు తగ్గించింది. "మీ నాన్న అప్పటికే నేను పిల్లని కాపాడానని అందరికీ చెప్పేశాడు. పిల్ల తల్లి వచ్చి నా కాళ్ళ మీద పడింది. అప్పుడు కాదని ఎలా చెప్పను? సినిమా ఆడినన్ని రోజులూ ఈయన ఏ ఆటకి వెళ్తాడో అని వణికాను. వేరే ఊళ్ళో పని ఉండి వెళ్ళలేదు. ఎత్తేశారని తెలిశాక గుండె మీద నుంచి బండ దించినట్టయింది. తన సినిమా పోయిందని సంతోషించినదాన్ని ప్రపంచంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను."

"చిన్నదానివి అప్పుడు. ప్రాణభయం. నాన్న అర్థం చేసుకుంటాడమ్మా."

"ఆయన చేసుకుంది నన్ను కాదే. ఆ కథలో ఉందే, ఆవిడని." గిన్నె బోర్లించి, ఇంకొకటి తీసుకుంది. వంట ఏం చేయమంటావు అన్నంత మామూలుగా అడిగింది: "ఆ రీలు మళ్ళీ తడిస్తే ఏమవుతుంది?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పకుండా ఉండటమే నేను చేసిన తప్పు. మర్నాడు షాపు నుంచి నేరుగా ల్యాబుకి వెళ్ళాను. ఎందుకు వెళ్తున్నానో దారిలో ఒక్కసారి కూడా నాతో నేను అనుకోలేదు. బల్ల మీద ఏడో రీలు విప్పి ఉంది. పక్కన ద్రావకం పళ్ళెం. నాన్నకి ఇంకోసారి చూసి చెప్పాలట అని అబద్ధమాడాను. ముసలాయన చూడమని చెప్పి, లోపల ఏదో మరిగేది దించడానికి వెళ్ళాడు.

గదిలో నేనూ, అదీ. వేళ్ళు వాటంతట అవే ముందుకు వెళ్ళాయి. అద్దం మీద గీత ఎంత తేలిగ్గా పడుతుందో నాకంటే ఎవరికి తెలుసు. గోటితో ఇక్కడ నుంచి ఇక్కడికి లాగితే చాలు. నా గోరు ఫిల్ము అంచుకి ఆనింది.

"తాకకండమ్మా," అన్నాడు ముసలాయన గుమ్మంలో నుంచి. కోపంగా కాదు. "చేతి చెమట తగిలినా మచ్చ పడిపోతుంది. నెల్లాళ్ళు పట్టింది దాన్ని విడదీయడానికి."

ఆయన ఇంకో నిమిషం ఆలస్యం చేసి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇంటికి వచ్చి అమ్మతో "నావల్ల కాలేదు" అన్నాను. "పోన్లే," అంది అమ్మ. ఆదివారం హాల్లో సినిమా వేసేదాకా మా ఇంట్లో నవ్వినవాడు నాన్న ఒక్కడే. ఉన్నవాటిలో మంచి చొక్కా తీసి తనే ఇస్త్రీ చేసుకున్నాడు. హీరోయిన్ని తీసుకెళ్తున్నా, మాసిన చొక్కా వేసుకుంటే ఏం బాగుంటుంది అన్నాడు.

*

అరవై కుర్చీలుండే చిన్న హాలు అది. మధ్యాహ్నం మూడింటికి సినిమా. బయట వాన, లోపల తడిసిన గొడుగుల వాసన. ముందు వరసలో మాకు చోటు ఉంచారు. అమ్మ మధ్యలో, నేను ఒక పక్క, నాన్న ఇంకో పక్క. నర్సరీ ఆవిడ కొంచెం ఆలస్యంగా వచ్చి వెనక కూర్చుంది. లావుగా, నవ్వుముఖంగా ఉంది. కాగితాలాయన ఆమెను మా దగ్గరికి తీసుకొచ్చి పరిచయం చేశాడు.

"నాకేమీ గుర్తులేదండీ," అంది ఆవిడ అమ్మ చేతులు పట్టుకుని. "మా అమ్మ చెప్పేది, మీరు లేకపోతే నేను లేనని. నాకు గుర్తున్నదల్లా ఒకటే, ఎవరో ఇచ్చిన బిస్కెట్టు. అన్నీ పోయి అదెందుకు మిగిలిందో మరి." నవ్వింది.

సినిమా బాగుంది. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కాగితాలాయన అన్నదాంట్లో అతిశయం లేదు. ఒక్కొక్క గదినీ, ఒక్కొక్క ముఖాన్నీ ఎంతో ఓపికగా చూపించాడు ఆ దర్శకుడు. కానీ నేను రీళ్ళు లెక్కపెడుతున్నాను. నాలుగు. ఐదు. ఆరు. అమ్మ ఊపిరి నాకు వినిపిస్తోంది.

తెర మీద నీళ్ళు లేచాయి. నడుము. ఛాతీ. గడ్డం. నేను నాన్న వైపు చూడకూడదనుకుని, చూశాను. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, మోటారు చప్పుడు వినేటప్పుడు కూర్చున్నట్టే కూర్చున్నాడు. తెర మీద చేతులు వదిలాయి. అరచెయ్యి పిల్ల నెత్తి మీద పడింది. హాల్లో ఎవరో కుర్చీలో కదిలారు. పిల్ల జుట్టు నీళ్ళ మీద విచ్చుకుంది.

తెర నల్లబడింది. హాలు మొత్తం చీకటి.

"ఇక్కడే తీసేశాను లైటు," అన్నాడు నాన్న. అమ్మకి మాత్రమే వినిపించేలా అన్నాడు గాని నాకూ వినిపించింది. "వైరు ఎక్కడికీ జారలేదు. వెలుగున్నంతసేపూ డైరెక్టరు కెమెరా ఆపడు. పైనుంచి నాకు అంతా కనపడుతోంది."

తెల్లవారిన ఊరు తెర మీదికి వచ్చింది. ఆ వెలుగులో నాన్న ముఖం మామూలుగానే ఉంది. అమ్మ ముఖం నేను చూడలేకపోయాను.

అయిపోయాక చప్పట్లు చాలాసేపు మోగాయి. కాగితాలాయన వేదికెక్కి ఆ చీకటి గురించి పది నిమిషాలు మాట్లాడాడు. దర్శకుడి ధైర్యం, దర్శకుడి సంయమనం. నాన్న అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. తర్వాత అమ్మని పైకి పిలిచారు. అమ్మ లేచింది. కానీ వేదిక వైపు వెళ్ళలేదు. కుర్చీల మధ్యగా వెనక్కి నడిచి, నర్సరీ ఆవిడ ముందు నిలబడింది.

"అది నటన కాదమ్మా," అంది. "నిన్ను నేను నిజంగానే తొక్కేశాను. కడ్డీ అందుకోవడానికి. నిన్ను నీళ్ళలోంచి పైకి తీసింది మా ఆయన."

నవ్వుముఖం మెల్లగా ఆగిపోయింది. ఆవిడ చెయ్యి తనకు తెలీకుండానే నడినెత్తి మీదికి వెళ్ళింది. అక్కడ వేళ్ళతో తడుముకుంది.

"అందుకా," అంది. "తల మీద నీళ్ళు పడితే నాకు ఊపిరి ఆడదు. ఇప్పటికీ. గొడుగు లేకుండా వానలో బయటికి రాలేను. ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు."

క్షమించాననలేదు. అప్పుడు మీరూ చిన్నవారే కదా అనలేదు. గొడుగు తీసుకుని, గుమ్మం దగ్గర వాన వైపు చూస్తూ కాసేపు నిలబడి, వాన తగ్గకుండానే గొడుగు బాగా కిందికి దించుకుని వెళ్ళిపోయింది.

*

బస్సులో వాళ్ళిద్దరూ ముందు సీట్లో, నేను వెనక.

"తెలిసే చేసుకున్నారా నన్ను?" అంది అమ్మ.

"తెలిసే."

"మరి ఆ కథ?"

"అందరూ లోపలికి వచ్చేశారు. పిల్లకి స్పృహ లేదు. ఏమైందని అడుగుతున్నారు. ఎవరైనా ఇంకోలా అనేలోపు నేనే ముందు చెప్పేశాను. ముందు చెప్పిందే నిలబడిపోయింది."

"నిలబడింది సరే. ఊరందరికీ చెప్పాలా? నా ఎదురుగా చెప్పాలా? మీరు ఆ కథ చెప్పిన ప్రతిసారీ నేను చచ్చి బతికాను."

నాన్న కిటికీ అద్దం మీద పట్టిన ఆవిరిని అరచేత్తో తుడిచాడు. "నువ్వు మరిచిపోయావేమో అనుకున్నాను. మరిచిపోయుంటే మంచిదేగా అనుకున్నాను. నేను చెప్పిందే నీకూ నిజమైపోతుందని..." ఆగాడు. "నువ్వు చెప్తావేమో అని కూడా చూశాను."

"ముప్పై నాలుగేళ్ళు చూశారా?"

నాన్న మళ్ళీ అద్దం తుడిచాడు.

ఆ తర్వాత రెండు వారాలు మా ఇంట్లో మాటలు పనికి సరిపడా మాత్రమే ఉండేవి. అన్నం అయిందా. అయింది. ఆ కర్టెను ఎవరిది. ఫలానావిడది. అసలు భయమంటే ఏమిటో నాకు ఆ రెండు వారాల్లో తెలిసింది. రీలు బయటపడుతుందన్న భయానికి ఒక రోజూ, ఒక గంటా ఉండేవి. ఈ మౌనానికి అవేమీ లేవు. పొద్దున్న లేస్తూనే, ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారా అని ముందు చెవి ఒగ్గి వినేదాన్ని. పాత ఖాతాదారు ఒకాయన మోటారు తెచ్చి, కొత్తగా వచ్చిన తన అల్లుడికి వినిపించమని, "ఆ వరద కథ ఒకసారి చెప్పండి" అని అడిగాడు. నాన్న మోటారు మూత విప్పుతూ, "కాయిలు కాలిందండీ, ఎల్లుండి రండి," అన్నాడు. మిషను దగ్గర అమ్మ తలెత్తి ఆయన్ని చూసింది. చాలాసేపు చూసింది.

ఆ శుక్రవారం కాగితాలాయన వ్యాసం వచ్చింది. రెండు పేజీలు. మా అమ్మ ఫొటో, దర్శకుడి ఫొటో. బాగా రాశాడు. మన విమర్శకులు ఈ సినిమాకి బాకీ పడ్డారన్నాడు. వరద గదిలో నటన గురించి ఒక పేరా, ఆ చీకటి గురించి రెండు పేరాలు. అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని మొత్తం చదివి, పత్రిక మడిచి నాకిచ్చింది.

"నీ అక్షరాలు బాగుంటాయి. ఆయనకి ఒక ఉత్తరం రాయాలి. నేను చెప్తాను, రాయి."

కాగితం, పెన్ను తీసుకుని స్టూలు మీద కూర్చున్నాను. అటు అమ్మ, ఇటు నాన్న.

"మీ వ్యాసం చదివాను. ఆ చీకటి దర్శకుడిది కాదు. లైటుమ్యానుది. పైన చెక్కల మీద కూర్చున్న మనిషి, కింద జరుగుతున్నది చూసి, ఇంకెవరూ చూడకూడదని వెలుగు తీసేసి దూకాడు. ఇద్దరం బతికాం. సినిమా మొదట్లో ఆయన పేరు లేదు. మీరు పొగిడేదుంటే ఆ రెండు పేరాలూ ఆయన్ని పొగడండి."

నాన్న చేతిలో రాగితీగ వదులైంది. "ఇప్పుడవన్నీ ఎందుకు," అన్నాడు, బల్ల వైపు చూస్తూనే.

"మీరు ఊరుకోండి," అంది అమ్మ. పదిహేను రోజుల్లో ఆయనతో ఆమె అన్న మొదటి మామూలు మాట అది.

రాసింది చదివి వినిపించాను. అమ్మ తల ఊపింది. ఒక మాట అడగాలో వద్దో తెలీక పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీశాను.

"కింద ఏం జరుగుతోందో రాయలేదు నువ్వు," అన్నాను. "అది కూడా రాయాలా?"

అమ్మ నాన్న వైపు చూసింది. ఆయన ఈసారి తల తిప్పుకోలేదు.

"రాయాలి," అంది అమ్మ. "ఇది తీసెయ్యి. ముందు అదే ఉండాలి."

ఆ కాగితం పక్కన పెట్టి, కొత్తది తీసుకున్నాను.